గడ్డల ఏసన్న తోట

ఏం చూసినావో చెప్పు ముందు. కాళ్ళు కడుక్కుందువు, నీళ్ళు తాగుదువు, అన్నీ చేద్దువు గాని, తోటలో ఏం చూసినావో చెప్పు. ఏమీ లేదా? ఏమీ లేదంటాండావా? బోర్డు ఉండాది, కంచె ఉండాది, కంచె బయట పన్నెండు మామిడిచెట్లు ఉండాయి, లోపల చూస్తే బోడినేల. అంతేనా? సరే, మేలు, ఉన్నదున్నట్టు చెప్పినావు. పోయిన నెల ప్రొద్దుటూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, ‘తోట బలే ఉండాది దావీదన్నా’ అన్నాడు. ఏం బలే ఉండాదయ్యా, పేరు చెప్పు ఒకదానిది అంటే కంచెను చూపించినాడు. నీవు వానికంటే నయం. బాట వదిలేసి అడ్డంగా తోటలో నుంచే నడిచొచ్చినావు కదా? మడాలకు మట్టి కనపడతాండ్లా! భయపడబాకు, ఏం కాదులే. మే నెలలో ఆ తోట మీద ఏనుగు నడిచినా ఏం కాదు. అంతా అడుగున నిద్రపోతాంటాది. అదంతా ఎండాకాలం పండుకొని వానకు లేసే సరుకు. ఆ బోడినేల కోసం నేను పడిన అవస్థ, మీ తాత ఉంటే చెప్పేవాడు. రాజంపేటలో పుట్టి పెరిగినోనివి, నీకెవురు చెప్తారు? నేనే చెప్పాల.

ఏసన్న అంటే ఎవురనుకున్నావు? పెద్ద చదువులాయనా, పాస్టరయ్యా? కాదు. మా పల్లెలో గోతులు తవ్వేవాడు. క్రైస్తవుల పల్లెలో ఎవురు పోయినా పార ఎత్తుకొని ముందు నడిచేది వాడే. పంట ఉన్నప్పుడు పై ఊరి రైతుల చేలకు కావలి ఉండేవాడు. ఈ రెండు పన్లూ లేకపోతే నల్లమలకు పోయేవాడు. ఎందుకు? గడ్డలకు. పూల కోసం కాదు, కట్టెల కోసం కాదు, తేనె కోసమూ కాదు. మట్టిలో దాక్కొనే గడ్డ ఏది కనపడినా వానికి పానం లేసొచ్చేది. తలగుడ్డ విప్పి, గడ్డను దాని మట్టితో సహా మూటకట్టి, ఎండలో వట్టి తలతో నడిచొచ్చేవాడు. జనాలకు నవ్వులాట. గడ్డల ఏసన్న, గడ్డల ఏసన్న అని పిల్లోళ్ళు ఎంటబడేవాళ్ళు. వాడు ఏమన్నా అనుకున్నాడా? వాళ్ళకే చూపించేవాడు. ‘ఒరే, ఇది వాసన చూడు. ఇది చూడబాక, దద్దుర్లు లేస్తాయి.’ ఒకసారి ఏదో అడవికంద పచ్చిదే నమిలినాడు, రుచి తెలుసుకోవల్లని. నాలుక వాచి మూడు దినాలు మాట్లేదు. వాని చెల్లెలు విశ్వాసమ్మ, మొగుడు పోయి అన్న ఇంట్లోనే ఉండేది, ఆయమ్మ నోరు తెలుసు కదా, నీకెట్లా తెలుస్తాదిలే, ఆయమ్మ బావి కాడ అందరికీ చెప్పింది. ‘మా అన్న నోరు మూసుకున్న మూడు దినాలూ నా కొంపలో ఈస్టరు పండగే’ అని.

ఇంకోటి ఉండాది వానికి. మేక పరీక్ష. ఏ మొక్క తెచ్చినా ముందు మా పల్లె గోపన్న మేకను పట్టకొచ్చి దాని ముందర పెట్టేవాడు. మేక తినిందా, అది దొడ్లో నాటుకొని తడిక కట్టేవాడు. తినలేదా, మూతి తిప్పుకుందా, అప్పుడు వాని మొగం చూడాల! ‘ఇది పాసయింది’ అనేవాడు. ఎందుకు అంత సంబరం అంటే, మా సమాధుల తోపుకు అప్పుడు కంచె లేదు. ఊరి మేకలన్నీ ఆడే మేస్తాండె. మేక ముట్టని మొక్కలను సమాధుల కాడ పెట్టల్లని వాని ఆలోచన. అది మాకెవురికీ తెలియదు. పిచ్చోడు అనుకున్యాం.

నేను మాత్రం వానితో కొట్లాడతాంటి. నాకు పదేండ్లప్పుడు కరువు పనిలో రాళ్ళు కొట్టినోన్ని నేను. ఎండాకాలం అంటే నాకు పగ. ఒక ఎండాకాలం ఇద్దరు తమ్ముళ్ళను తీసకపోయింది. అందుకే, తినేది పెంచరా ఏసన్నా, చింతచెట్టు పెంచు, మునగ పెంచు, ఈ గడ్డలెందుకు అని తిడతాంటి. వాడు ఏమనేవాడో తెలుసా? గొంతు సన్నం, ఆడమనిషి గొంతు మాదిరి ఉండేది. ‘దావీదూ, ఎండాకాలం వస్తానే ఇది ఆకు రాల్చి, కాడ ఎండబెట్టి, లోపల పండుకుంటాది. నువ్వూ నేనూ అదే ఎండలో రెడ్ల చేలల్లో గొడ్డుచాకిరి చేస్తాం. ఎవురికి బుద్ధి ఉండాదిరా?’

తర్వాత జరాల ఏడు వచ్చింది. పద్దెనిమిదో సంవత్సరం. పెద్ద యుద్ధం ముగిసే కాలం. నువ్వు పుట్టలేదు, మీ నాయనకు అప్పుడే మీసాలొస్తాండె. పొద్దున పనికి పోయినోడు సాయంత్రానికి పండుకుంటాండె, మర్నాటికి లేడు. మా పల్లెలో పదిహేను దినాల్లో ఇరవై ముగ్గురు. నాకూ వచ్చింది, మా ఆడమనిషి జీవమ్మకూ వచ్చింది. మా బిడ్డ ప్రేమమ్మకు ఆరేండ్లు. ఇద్దరం చాప మీద తెలివి లేకుండా పడిపోయినాం. తెలివి వచ్చేసరికి బిడ్డ లేదు. పూడ్చి నాలుగు దినాలయింది. నేను చూడలేదు, తల్లి చూడలేదు. గోయి తవ్విందీ, బిడ్డను ఎత్తకపోయిందీ, మట్టి పోసిందీ అంతా ఏసన్నే. నేను గోడ పట్టుకొని నిలబడే మాదిరి అయినప్పుడు వాడు వచ్చి నా చంకలో చెయ్యేసి తోపుకు పిలచకపోయినాడు. ‘ఇదిగో. తూర్పు వరసలో నాలుగోది. ఇదే మన ప్రేమి’ అన్నాడు. చూస్తే ఒక వట్టిపుల్ల నాటిండాడు. ఇరవై మూడు గోతులకు ఇరవై మూడు పుల్లలు. రాళ్ళు పెట్టే స్తోమత ఎవురికి ఉండాది? ఉన్నా, ‘రాయి పెడితే ఎవుడో ఒకడు చేనికట్టకు ఎత్తకపోతాడు, పుల్లను ఎవురూ ఎత్తకపోరు’ అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకో.

మరుసటేడు తొలకరికి వాడు ప్రతి పుల్ల పక్కన ఒక గడ్డ పెట్టినాడు. జానెడు లోతు. పిల్లిపీచర కొన్నిటికి, కొన్నిటికి పేర్లు తెలియని తీగలు. అవి పుల్లను పట్టుకొని పాకేవి. మా బిడ్డ కాడ ఏం పెట్టినాడనుకున్నావు? అడవినాభి. విషం అది. తింటే మనిషి బతకడు. నాకు తెలిసినప్పుడు తోపుకు పరిగెత్తి వాని గొంతు పట్టుకున్నా. ‘నా బిడ్డ మీద విషం నాటుతావా నాకొడకా’ అన్నా. వాడు నా చేతులు విడిపించుకోనన్నా లేదు. ఊపిరాడకుండానే చెప్పినాడు, ‘మేకలు ముట్టవు దావీదూ. అన్నిట్లోకీ దీన్నే అసలు ముట్టవు. నీ బిడ్డ మీద ఏ మేకా మూతి పెట్టదు.’ చెయ్యి తీసేసినా. శ్రావణం దాటినాక అది పూసింది. ఎరుపూ పసుపూ, రేకలన్నీ పైకి తిరిగి, మంట మాదిరి. జీవమ్మ పోయి చూసొచ్చి, బిడ్డ పోయినప్పటి నుంచి ఆ పేరే ఎత్తని మనిషి, ‘ప్రేమి పూసింది’ అనింది. ఆ పొద్దు ఇంట్లో పొయ్యి కాడ కూచొని ఇద్దరం అన్నం తిన్నాం. ఊరికే తిన్నాం, అంతే. కానీ అంతకుముందు ఏడాది పొడుగునా ఇద్దరం ఒక్కసారిగా కూచొని తిన్నిండలేదు.

అట్లాంటోడు పోయినాడు. పులీ తినలేదు, పామూ కరవలేదు. నల్లమల నుంచి వచ్చినాడు, గంజి తాగినాడు, పండుకున్నాడు, లేవలేదు. వాని గోయి తవ్వేకి మాకెవురికీ సరిగ్గా చాతగాలేదు, ఆరుమంది తవ్వినాం. ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారానికి ఇంకా నెల ఉందనంగా సంఘం కూచుంది. పై ఊరి రైతులు కూడా వచ్చినారు, కావలోడు కదా, మంచోడని. ఒకాయన, రాయి చెక్కిద్దాం అన్నాడు. నేను లేసినా. నాకు కోపం వచ్చిందంటే తెలుసు కదా. ‘బతికినన్నాళ్ళూ రాళ్ళు వద్దన్నోని మీద రాయి పెడతారా? తోపునంతా తోట చేద్దాం. కంచె వేద్దాం. వాని పేరు పెడదాం. బాటన పోయేవాళ్ళు ఎవురైనా వచ్చి కూచోవల్ల, ఏ కులమోడైనా’ అన్నా. అందరూ చప్పట్లు కొట్టినారు. నాకు గర్వం తలకెక్కింది. ఈస్టరుకు తోట తయారు కావల్ల, బనగానపల్లె పోయి మామిడి అంట్లు నేనే తెస్తా అన్నా. బండి కట్టుకొని పోతాపోతా పల్లెలో వాళ్ళకు ఒక మాట చెప్పినా. ఈ నోటితోనే చెప్పినా. ‘నేను వచ్చేసరికి తోపు శుభ్రంగా ఉండాల. కంపా కసువూ, వట్టిపుల్ల ఒక్కటి కనపడగూడదు’ అన్నా.

నాకు తుమ్మకంప కండ్ల ముందర ఉండె. ఆ పుల్లలు నా మనసులో ఉంటే కదా! విశ్వాసమ్మ ఉంటే ఆపేదే, ఆయమ్మ మేనకోడలి కాన్పుకని మీ రాజంపేటకే పోయిండె.

ఎనిమిది దినాలకు తిరిగొచ్చినా. బండిలో పదిహేను అంటుమొక్కలు, గోనెపట్టా తడిపి కప్పుకొని, పెండ్లికూతుర్లను తెచ్చినట్టు తెచ్చినా. తోపు కాడికి వస్తే పై ఊరి హనుమన్న ఎదురొచ్చినాడు. చిన్న రైతు, బంగారంట్లాంటోడు, జొన్న చేలో ఎద్దులకు గుంటక కట్టి కలుపు కోసేదాంట్లో వాని అంతటోడు లేడు. మొగం వెలిగిపోతాండాది. ‘చూడు దావీదన్నా! నిలువుకొకసారి, అడ్డానికొకసారి, రెండు సాళ్ళు తోలినా. ఇత్తనం చల్లొచ్చు. ఏసన్నకు నా ఎద్దుల సేవ ఇది’ అన్నాడు. చూసినా. నేల డప్పు మొగం మాదిరి నున్నగా ఉండాది. ఒక గడ్డిపోచ లేదు. ఒక పుల్ల లేదు. మావాళ్ళు కూలినాలి చేసేవాళ్ళప్పా, చేను శుభ్రంగా పెట్టేదే మర్యాద అనుకొనేవాళ్ళు. ఒకరింట్లో చావైనా పెండ్లైనా వాళ్ళకు తెలిసిన గౌరవం అదే, కలుపు లేకుండా చేసి చూపించేది. ఎండకు తీగలన్నీ ఎండిపోయి ఉండె, నేల మీద పుల్లలు తప్ప ఇంకేం గుర్తు లేదు. ఆ పుల్లలు ఏమైనాయిరా అని అడిగినా. పని చేసేవాళ్ళకు అంబలి కాసినారంట వాటితో. ఎవురూ ఆపలేదా అంటే, అందరిదీ ఒకటే మాట. ‘దావీదన్న చెప్పినాడంటే, యాడ ఎవురుండారో రాసి పెట్టుకొనే చెప్పింటాడనుకున్యాం.’ రాసిపెట్టుకొనేకి నాకు రాతొస్తే కదా! అయినా అడిగినోడు లేడు.

ఇంటికి పోయినా. జీవమ్మ చాటలో జొన్నలు చెరుగుతాండె. తల ఎత్తకుండా, ‘మనది నేనే పీకినా’ అనింది. ‘నువ్వు చెప్పినావు కదా. ఇంకా బాగా ఏదో పెడతావనుకున్యా’ అనింది. తిట్టింటే బాగుండు. గట్టిగా ఏడ్చినా బాగుండు. మళ్ళా జొన్నలు చెరిగింది.

ఈస్టరు తెల్లారుజామున మావాళ్ళు కొవ్వొత్తులు, దీపాలు తీసుకొని సమాధుల కాడికి పోతారు, నీకు తెలుసు కదా, మీ ఊర్లోనూ అంతే. ఆ ఏడు కూడా పోయినాం. పాట పాడుకుంటా పోయినాం. కొత్తగా వేసిన కంచె కాడికి పోయి అందరూ నిలబడిపోయినారు. లోపలికి ఒక్కరూ అడుగు పెట్టలే. ఎవురి మీద కాలు పెడతామో అని. చేతుల్లో దీపాలు పెట్టుకొని, యాడ పెట్టల్లో తెలీక, కంచె పొడుగునా వరసగా బయటనే పెట్టినారు. పొద్దు పొడిచేదాకా నిలబడి ఇండ్లకు పోయినారు. ఎవురూ నన్నొక మాటా అనలేదు. కరువులో నన్ను మేస్త్రీ చెప్పుతో కొట్టినాడు, అదన్నా మేలే అనిపించింది ఆ పొద్దు.

తర్వాతి వారం విశ్వాసమ్మ వచ్చింది. బండి దిగి తోపు చూసింది, అంటుమొక్కలు చూసింది, నన్ను చూసింది. ముందు దేనికి తిట్టిందనుకున్నావు? మామిడికి! ‘నడి ఎండాకాలంలో మామిడి అంటు తెచ్చినావా, ఒరే బుద్ధిలేనోడా, మా అన్న వినుంటే గోతిలో నుంచి లేసొచ్చి నీ నెత్తిన మొట్టేవాడు’ అనింది. నేను మామిడి సంగతి కాదక్కా, గడ్డలు, గడ్డలు అని ఏడ్చినా. ఏడ్చినా అప్పా, యాభై ఏండ్ల మొగోన్ని. ఆయమ్మ హనుమన్నను పిలిచి అడిగింది, గుంటక ఎంత లోతు పోయింది అని. నాలుగు వేళ్ళు అన్నాడు. ‘మా అన్న జానెడు పైన ఏ గడ్డా పెట్టలేదు. నిద్రపోయేవాళ్ళ పైన దుప్పటి లాగినారు మీరు, అంతే. వాన రానీ’ అనింది. అని ఇంట్లోకి పోయింది. వాన రానీ! చెప్పేది సులభం. ఆ ఏడు రోహిణి ఎండ చూడాల. మామిడి అంట్లను నాటేకి లోపల ఒక్క గుంత తవ్వనీలేదు ఎవురూ, నేనూ ఒప్పుకోలే. మా వసారాలో పెట్టి, పల్లెలో ఇంటికొక చెంబు లెక్కన నీళ్ళు పోసి బతికించినాం. మూడు చచ్చినాయి. మిగిలినవే కంచె బయట నువ్వు చూసినవి.

మృగశిర పోయింది, చుక్క లేదు. ఆరుద్రలో పడింది. పడింది అంటే, మూడు దినాలు ఆగకుండా. ఎనిమిదో దినం పొద్దున్నే ఎవురో అరిసినారు తోపు కాడి నుంచి. పరిగెత్తినాం అందరం. పిల్లిపీచర మొలక, ఊదారంగులో, సన్నని వేలు మాదిరి పైకి వచ్చిండాది. ‘మా నాయన! మా నాయన వచ్చినాడు!’ అని గోపన్న గెంతినాడు. ఇంగ రోజుకు రెండు, రోజుకు మూడు. తిరుపతమ్మ అత్తది అందరికంటే ముందు జానెడు పెరిగింది. ‘చూడండమ్మా, బతికినప్పుడూ అంతే, నాకంటే ముందు లేసి పొయ్యి కాడ కూచొని తిడతాండె’ అని తిరుపతమ్మ ఏడుస్తా నవ్వుతా చెప్పింది. ఆడోళ్ళు వరసలు లెక్కబెట్టుకొని ఇది నీది ఇది నాది అని ముగ్గులు పెట్టినారు చుట్టూ. నెల తిరిగేలోపల ముప్పై గడ్డలు లేసినాయి. జరాల ఏడువి, వాటికి ముందరవీ వెనకవీ కలిపి ముప్పై ఒకటి ఉండల్ల. రానిది ఒకటే. తూర్పు వరసలో నాలుగోది.

అందరూ నవ్వుతాంటే నేను కూడా నవ్వల్ల కదా? నవ్వినా. రోజూ పొద్దున్నే పోయి మూడోదానికీ ఐదోదానికీ నడుమ నిలబడేది, వచ్చేది. జీవమ్మ నా మొగం చూసి చెరవ తీసుకొని నీళ్ళకు పోయేది. పుష్యమి కార్తె పోయింది. ఆశ్లేషలో ఒక పొద్దు, వాన వెలిసినాక పోతే, కనపడింది. ఆకు కొన తోక మాదిరి చుట్టుకోనుండాది, నాభే, ఇంకేదీ కాదు. కానీ యాడ? నాలుగోదాని చోట కాదు. ఆ చోటికి మూరెడు దూరంలో, ఐదోదాని పక్కకు.

ఒకటే గలాటా. హనుమన్న, ‘అన్నా, ఇది నీది కాదు, పిట్ట ఇత్తనం వేసింటాది’ అన్నాడు. గోపన్న ఇంకోటి అన్నాడు. విశ్వాసమ్మ వచ్చి కూచొని చూసింది. ‘నాభిగడ్డ నాగలి మాదిరి రెండు కొమ్ములుంటాది. ఏటేటా కొమ్ము కొన కాడ కొత్తది పుడతాది, పాతది కుళ్ళిపోతాది. ఐదేండ్లలో మూరెడు నడవదా?’ అనింది. ‘పాప ఎక్కడుండాదో గడ్డ అక్కడే ఉండల్లని ఏముండాది?’ అనింది. హనుమన్న మంచోడే కానీ మొండోడు. ‘దానికేముందక్కా, తవ్వి చూస్తే పోలా? కొమ్ములుండి లావుగా ఉంటే పాతగడ్డ, దావీదన్న బిడ్డది. వేలంత ఉంటే ఇత్తనం మొలక. తేలిపోతాది’ అని ఇంటికి పోయి గడ్డపార తెచ్చి నా చేతికిచ్చినాడు. విశ్వాసమ్మ ఒక్క మాట చెప్పింది. ‘తవ్వేదైతే తవ్వు. కొమ్ము కొన మాత్రం ముల్లంగి మాదిరి పుటుక్కున విరుగుతాది. విరిగితే మళ్ళా రాదు.’

గడ్డపార చేతిలో పెట్టుకొని నిలబడినా. వేలు పెట్టి తోడితే చాలు తెలిసిపోతాది, మెత్తటి మట్టి. అప్పుడే వచ్చిన జీవమ్మ చేతిలో తట్ట పక్కన పెట్టింది. ఆ తడి నేల మీద, మొలక పక్కన కూచుంది. చీర నానిపోతాంటే కూడా కూచుంది. ‘నేనీడ కూచుంటా’ అనింది. అంతే. గడ్డపార హనుమన్నకు ఇచ్చేసినా. ఏప్రిల్ నుంచి గుండెల మీద మోస్తాండిన బరువు దిగిపోయిందప్పా. ఇంటికి పోయి పగలంతా నిద్రపోయినా. అట్లా నిద్ర పట్టి ఎన్ని నెలలైండెనో. ఆ నాభి ప్రతి ఏడూ వస్తాంది. ఒకేడు ఇటు, ఒకేడు అటు, ఇప్పుడు రెండయినాయి, మూడయినాయి. జీవమ్మ పోయి నాలుగేండ్లు, ఆమె కూడా ఆ పక్కనే ఉండాది. ఇరవై రెండేండ్లయింది, అది పాతగడ్డో పిట్ట వేసిన ఇత్తనమో ఇప్పటికీ నాకు తెలీదు. ఊర్లో కొందరు ఇప్పుడు కూడా అంటారు, దావీదు తెలుసుకొని ఉండల్ల అని. అననీ.

చదువుకున్నోనివి. ఉద్యోగం చేసేవానివి. ఆ గడ్డపార నీ చేతిలో ఉండి, నీ బిడ్డ అయింటే, చెప్పప్పా, నువ్వు తవ్వుంటావా?